పల్లె మాట మేత్రాసనం చేరిన దారి

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో కథోలికులున్న ప్రతి పల్లెలోనూ గురువులు ఉండరు. ఫాదర్‌గారు విచారణ (పారిష్) కేంద్రంలో ఉంటారు. చుట్టుపక్కల ఉపకేంద్రాలైన ఊళ్లకు వంతులవారీగా వచ్చి పూజ చేసి వెళతారు. వానాకాలంలో మునేరు, వైరా, కట్టలేరు పొంగి దారులు తెగితే ఆ వంతు కూడా తప్పుతుంది. అలాంటి ఊళ్లో ఒక పెద్దాయన మంచాన పడ్డాడు, అభ్యంగనం అందాలి. గుడి పైకప్పు కారుతోంది. గుడి స్థలంలోకి ఎవరో కంచె జరిపారు. లేదా ఇవేవీ కాదు, ఫాదర్‌గారి మీదే ఊరికి ఒక బాధ ఉంది. ఈ మాటలు ఎవరి ద్వారా పైకి వెళ్లాయి? వాటికి జవాబు ఎలా వచ్చింది?

ఆ దారిని ఎవరో ఒకరు ఒక రోజున కూర్చుని కనిపెట్టలేదు. ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క రోములో, ఒక ముక్క అమెరికాలో తయారై, రెండు వందల ఏళ్లకు పైగా పట్టి ఒక రూపానికి వచ్చింది. మాట పైకి వెళ్లే సగం చాలావరకు పూర్తయింది. జవాబు కిందికి రావలసిన సగమే ఇంకా వెనకబడి ఉంది. నా పట్టింపంతా ఈ రెండో సగం గురించే.

మొదటి ముక్క ఉపదేశి. మిలాన్ నుంచి వచ్చిన మిషనరీ గురువులు 1855 నుంచి హైదరాబాదు, మచిలీపట్నం వైపు పని మొదలుపెట్టారు. ఒక్కొక్కరి కింద ఎన్నో ఊళ్లు. ఎడ్లబండి మీదో, గుర్రం మీదో, కాలినడకనో తిరిగినా ఒక పల్లెకు ఏడాదిలో కొన్నిసార్లు రావడమే గొప్ప. వచ్చినా భాష అడ్డం. ఆ ఖాళీని నింపినవాడు ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పడం, గురువు లేని ఆదివారం ప్రార్థన నడపడం, పెద్దవాళ్లను జ్ఞానస్నానానికి సిద్ధం చేయడం, పెళ్లికి ఏమైనా ఆటంకం ఉందేమో ఆరా తీయడం, చావు ఇంట్లో రాత్రంతా కూర్చోవడం అతని పని. ఊరికి చెప్పుకోవలసింది ఉంటే ఉపదేశితో చెప్పుకునేది. ఊరి గురించి తెలుసుకోవాలంటే గురువు ఉపదేశినే అడిగేవారు. ఆడవాళ్ల మాట అతని భార్య దగ్గర ఆగి, అక్కడి నుంచి కదిలేది.

తెలుగు శ్రీసభ చరిత్రను బిషప్పుల పేర్లతో, గుళ్ల ప్రతిష్ఠలతో రాస్తుంటారు. నిజానికి దాన్ని ఉపదేశుల పేర్లతో రాయాలి. గురువు కావాలని మొట్టమొదట అడిగిందీ, వచ్చిన గురువును ఊరికి పరిచయం చేసిందీ, గురువు లేనన్నాళ్లు విశ్వాసాన్ని కాపాడిందీ వీళ్లే. 1773 జులై 21న పోప్ పద్నాలుగో క్లెమెంటు యేసుసభను రద్దు చేశాక, అంతకుముందు రాయలసీమ, గుంటూరు ప్రాంతాల్లో తెలుగువాళ్ల మధ్య పనిచేసిన ఆ సభవారి కర్ణాటక మిషను గురువుల కొరతతో కుంగిపోయింది. ఆ దశాబ్దాలను దాటించింది ఇంటి పెద్దలూ ఉపదేశులే.

అయితే ఈ దారిలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. ఉపదేశి జీతం గురువు చేతిలో ఉండేది. ఆ జీతం ఎప్పుడూ చాలీచాలనిదే. గురువుకు నచ్చని మాట మోయాలంటే అతను ముందు తన పొయ్యి గురించి ఆలోచించుకోవాలి. అందువల్ల ఊరి అవసరాలు పైకి వెళ్లాయి, ఊరి ఫిర్యాదులు ఉపదేశి గడప దగ్గరే ఆగిపోయాయి. రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరులో వెలువరించిన మిషను పత్రం ఉపదేశులను ఎంతో మెచ్చుకుని, వాళ్లకు న్యాయమైన వేతనం ఇవ్వాలని చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్టస్మృతి 231వ సూత్రం, సభ సేవకు అంకితమైన గృహస్థులకు, అంటే గురువులు కాని విశ్వాసులకు, కుటుంబం గడిచేంత ప్రతిఫలం పొందే హక్కు ఉందని రాసింది. 2021 మే 10న పోప్ ఫ్రాన్సిస్ ఉపదేశి పనిని అధికారిక పరిచర్యగా స్థాపించారు. మెట్ట పల్లెల్లో చెమటోడ్చిన ఒక మనిషికి ఈ గుర్తింపు రావడానికి ఇంత కాలం పట్టింది. గౌరవం వచ్చింది, వేతనం సంగతి చాలాచోట్ల అక్కడే ఉంది.

రెండో ముక్క అర్జీ. ఉపదేశి నోటితో మోసిన మాటను కాగితం మీద పెట్టి, కింద సంతకాలూ వేలిముద్రలూ వేయించి నేరుగా బిషప్‌గారికి ఇవ్వడం. చెప్పినంత తేలిక కాదు. 1933లో బెజవాడ వేరే మిషనుగా విడిపోయేదాకా ఈ ప్రాంతపు బిషప్ హైదరాబాదులో ఉండేవారు. నందిగామ మద్రాసు ప్రెసిడెన్సీలో, హైదరాబాదు నైజాం రాజ్యంలో. 1889లో బెజవాడకు నైజాం రైలు వచ్చాక ప్రయాణం సులువైందే కానీ, కూలి మానుకుని రైలు ఛార్జీ పెట్టుకుని వెళ్లి బిషప్ బంగళా ముందు నిలబడగలిగిన రైతుకూలీలు ఎందరు? బిషప్‌గారి పీఠం 1937లో బెజవాడకు వచ్చి మేత్రాసనం ఏర్పడడం ఈ ఊళ్లకు చాలా పెద్ద మార్పు. 1950లో దాని పేరు విజయవాడ మేత్రాసనంగా మారింది. 1971లో తుమ్మా జోసెఫ్‌గారు బిషప్ అయ్యేదాకా ఆ పీఠం మీద ఇటలీ గురువులే కూర్చున్నారు. తమ భాషలోనే పుట్టి పెరిగిన మనిషి ఎదుట అర్జీ పెట్టుకోవడానికి ఈ ప్రాంతం వాళ్లు అప్పటిదాకా ఆగవలసి వచ్చింది.

అర్జీ ఇచ్చే సందర్భాలు రెండు. ఒకటి బిషప్‌గారు ఊరికి వచ్చినప్పుడు. భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికో, కొత్త గుడి ప్రతిష్ఠకో వస్తారు. బిషప్ తన మేత్రాసనాన్నంతా కనీసం ఐదేళ్లకొకసారైనా చూసి రావాలని శ్రీసభ చట్టమే చెబుతుంది. తప్పెట్లు, పూలదండలు, పిల్లల పాటలు అయ్యాక ఊరి తరఫున చదువుకున్నవాడొకడు స్వాగత పత్రం చదువుతాడు. అందులో ముప్పాతిక మువ్వీసం పొగడ్త. చివరి రెండు మూడు వాక్యాల్లో అసలు సంగతి: మా గుడికి ప్రహరీ కావాలి, మా పిల్లలకు హాస్టలు కావాలి, మాకు నెలకు రెండు పూజలైనా కావాలి. ఆ రెండు వాక్యాల కోసమే ఊరంతా వారం రోజులు కష్టపడింది. బిషప్‌గారు జవాబుగా మాట్లాడతారు, కొన్నిసార్లు అక్కడికక్కడే మాట ఇస్తారు. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు. కారు కదిలాక దాన్ని గుర్తుపెట్టుకునేది ఊరొక్కటే.

రెండోది గుణదల. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మరియమాత ఉత్సవాలకు ఈ మెట్ట ప్రాంతం నుంచి బస్సుల్లో, ట్రాక్టర్లలో, మొక్కుకున్నవాళ్లు కాలినడకనా తరలిపోతారు. బిషప్‌గారూ, మేత్రాసన పెద్దలూ, తమ ఊళ్లో ఒకప్పుడు పనిచేసి బదిలీ అయిన ఫాదర్‌గార్లూ అందరూ అక్కడే కనిపిస్తారు. ఎన్నో ఊళ్ల సంగతులు కొండ మెట్ల పక్కన నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పుకున్నవే. భక్తితో వెళ్లిన మనిషి పనిలో పనిగా ఊరి బాధ చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఇంత పెద్ద మేత్రాసనంలో ఒక ఊరి సంగతి తెలియడానికి ఉత్సవపు జనసందోహంలో దొరికే ఐదు నిమిషాలే ఆధారమైతే, బలం, పరిచయం, ధైర్యం ఉన్నవాళ్ల మాటే వినిపిస్తుంది.

సంతకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ విశ్వాసుల్లో ఎక్కువమంది దళితులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. దాంతో ఒక కుటుంబం ఆదివారం గుడిలో ఒక పేరుతో, స్కూలు రికార్డులో ఇంకొక పేరుతో బతకవలసి వచ్చింది. అలాంటి ఇంటి మనిషి బిషప్‌గారికి రాసే అర్జీ కింద సంతకం పెట్టేముందు తటపటాయిస్తే అది పిరికితనం కాదు. ఆ కాగితం రేపు ఎవరి చేతిలో పడి తన కొడుకు సీటుకో ఉద్యోగానికో అడ్డం వస్తుందోనన్న భయం. వాళ్ల మౌనాన్ని ఉదాసీనత అనుకున్నవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఇదంతా ఇక్కడ జరుగుతుండగా ఈ దారిలోని తరువాతి ముక్కలు దూరంగా తయారవుతున్నాయి. అమెరికాలో చార్ల్‌స్టన్ బిషప్ జాన్ ఇంగ్లండ్ 1823లో తన మేత్రాసనానికి ఒక రాజ్యాంగమే రాసుకున్నారు. గురువులూ గృహస్థుల ప్రతినిధులూ ఏటా సమావేశమవ్వాలి, జమాఖర్చులు అక్కడ పెట్టాలి. సిద్ధాంతం, సంస్కారాల జోలికి గృహస్థులు పోకూడదు. గుడి ఆస్తుల మీద పెత్తనం కోసం అమెరికాలో చాలా గుళ్లలో ట్రస్టీలూ బిషప్పులూ పోట్లాడుకుంటున్న రోజులవి. పోట్లాటకు ఆయన కనిపెట్టిన విరుగుడు ఏడాదికొకసారి ఎదురెదురుగా కూర్చోవడం. 1842లో ఆయన చనిపోయాక అది ఆగిపోయింది. ఒక మనిషి మంచితనం మీద నిలిచిన ఏర్పాటు ఆ మనిషితోనే పోతుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. మంచి ఫాదర్‌గారు బదిలీ అయ్యాక మన విచారణల్లో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

1859లో ఇంగ్లండులో జాన్ హెన్రీ న్యూమన్, సిద్ధాంత విషయాల్లో కూడా విశ్వాసులను సంప్రదించాలంటూ ఒక వ్యాసం రాశారు. అంతకుముందే ఆయన బిషప్ ఉల్లాథార్న్ గృహస్థులంటే ఎవరయ్యా అన్నట్టు మాట్లాడితే, వాళ్లు లేకపోతే శ్రీసభ చూడ్డానికి వెర్రిగా ఉంటుందని న్యూమన్ బదులిచ్చారు. ఆ వ్యాసం వల్ల ఆయన ఎన్నో ఏళ్లు రోము అనుమానాన్ని మోయవలసి వచ్చింది. 1906లో పోప్ పదో భక్తినాథుడు, అంటే పయస్, ఫ్రాన్సుకు రాసిన లేఖలో జనసమూహం కర్తవ్యం కాపరుల వెంట నడవడమేనని చెప్పారు. అదే న్యూమన్‌ను 2019లో పునీతుడిగా, 2025 నవంబరు 1న శ్రీసభ పండితుడిగా ప్రకటించారు. మధ్యలో జరిగిన మార్పు అంత పెద్దది.

ఆ మార్పు పేరు రెండో వాటికన్ మహాసభ. 1962 అక్టోబరు 11న మొదలై 1965 డిసెంబరు 8న ముగిసింది. మెట్ట పల్లెకు అది చేరిన మొదటి గుర్తు పూజ భాష. అప్పటిదాకా లాటిన్‌లో, బలిపీఠం వైపు తిరిగి నడిచిన పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగారు. గురువు చదివేది తనకు అర్థమైన రోజునే ఒక కూలిమనిషికి తిరిగి ఒక మాట అనాలనిపిస్తుంది. తరువాతి మార్పులన్నిటికీ మూలం అదేనని నేను నమ్ముతాను.

శ్రీసభ గురించి 1964 నవంబరు 21న వెలువడిన మహాసభ పత్రం 37వ పేరాలో గృహస్థులు తమ అవసరాలనూ కోరికలనూ దేవుని బిడ్డలకు తగిన స్వేచ్ఛతో, నమ్మకంతో కాపరులకు తెలపవచ్చని ఉంది. ఆ పనికి శ్రీసభ నెలకొల్పిన సంస్థల ద్వారా చెప్పాలనీ ఉంది. అలాంటి సంస్థలే లేకపోతే ఎక్కడ చెప్పాలి? అందుకే 1965లో వచ్చిన రెండు పత్రాలు మేత్రాసనంలో సలహా సంఘం ఉండడం ఎంతో కోరదగినదని ఒకటీ, వీలైనంతవరకు విచారణ స్థాయిలో కూడా సంఘాలు ఉండాలని మరొకటీ చెప్పాయి. 1969 మేలో బెంగళూరులో జరిగిన అఖిల భారత సదస్సులో బిషప్పులూ, గురువులూ, మఠకన్యలూ, గృహస్థులూ పక్కపక్కన కూర్చుని భారత శ్రీసభ ఎటు నడవాలో చర్చించారు. ఆ పత్రాలు కోరిన సంఘం, అంటే విచారణ కౌన్సిలు, మన దేశంలో నిలదొక్కుకున్నది ఆ దశాబ్దం తరువాతే.

ఊరికి కౌన్సిలు అనే ఆలోచన కొత్తగా అనిపించి ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 1959లోనే పంచాయతీరాజ్ వచ్చింది. గ్రామ పంచాయతీకి ఓటేసిన చేతులే విచారణ కౌన్సిలుకూ మనుషుల్ని పంపాయి. కానీ పంచాయతీతో పాటు ఊరి పెద్దరికం కూడా గుళ్లోకి వచ్చింది. పేటకు పెద్ద ఎవరో కౌన్సిలుకూ అతనే పెద్ద. భూమి ఉన్న కులం ఉన్నచోట ఆ కులానిదే మాట. ఆడవాళ్లు గుడి ఊడ్చి, పూలు కట్టి, పాటలు పాడి, కానుకల సంచులు మోసి, కౌన్సిలు సమావేశంలో మాత్రం టీ ఇచ్చి వెళ్లినచోట్లు లెక్కలేనన్ని. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధానపత్రం వెలువరించింది. శ్రీసభలో కులవివక్ష ఉందని, అది ఘోరమైన పాపమని బిషప్పులే ఒప్పుకున్న పత్రం అది. ఒప్పుకోవడం గొప్ప విషయమే. 2000లో దళితుడైన మారంపూడి జోజిగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి కావడం, ఆ పీఠానికే వచ్చిన పూల ఆంథోనీగారు 2022 ఆగస్టు 27న దళితుల నుంచి వచ్చిన మొట్టమొదటి కార్డినల్ కావడం కూడా గొప్పవే. పైన కుర్చీ మారినంత వేగంగా కింద కౌన్సిలు బెంచీ మారదు. విచారణ కౌన్సిలులో ఎవరెవరు కూర్చున్నారో చూస్తే ఆ విధానపత్రం అక్కడిదాకా వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

కౌన్సిలు కంటే చిన్న ముక్క ఒకటి తరువాత వచ్చింది. 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో సమావేశమైన ఆసియా బిషప్పులు, అందరూ పాలుపంచుకునే శ్రీసభ కావాలన్నారు. దక్షిణాఫ్రికాలో లుమ్కో కేంద్రం తయారుచేసిన పద్ధతి ఆసియాకు అలా వచ్చింది. పది పదిహేను ఇళ్లవాళ్లు ఒక ఇంట్లో కూడి, సువిశేష భాగం చదువుకుని, అది తమ వీధికి ఏం చెబుతోందో మాట్లాడుకోవడం. చిన్న క్రైస్తవ సమూహం అంటున్నది దీన్నే. కౌన్సిలులో నోరు తెరవని కోడలు తన ఇంటి వసారాలో మాట్లాడుతుంది. ఇది సాగిన ఊళ్లో కౌన్సిలుకు సభ్యులు తయారై వస్తారు. సాగని ఊళ్లో పాత పెద్దలే తిరిగి వస్తారు.

కాస్త వెనక్కి వెళితే, అసలైన మలుపు 1983. ఆ ఏడాది జనవరి 25న ప్రకటించిన కొత్త చట్టస్మృతి నవంబరు 27న, ఆగమనకాలపు మొదటి ఆదివారం, అమలులోకి వచ్చింది. దీన్ని చదివిన గృహస్థులు చాలా తక్కువ. చదివించవలసినవాళ్లు చదివించలేదు. 212వ సూత్రం ఏం చెబుతుందో ప్రతి విచారణలో గోడ మీద రాయాలి. విశ్వాసులు తమ అవసరాలను, ముఖ్యంగా ఆధ్యాత్మిక అవసరాలను, కాపరులకు తెలపవచ్చు. తమకున్న జ్ఞానాన్నీ సామర్థ్యాన్నీ బట్టి శ్రీసభ మంచికి సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు వాళ్లకు ఉంది. కొన్నిసార్లు అది బాధ్యత కూడా. విశ్వాసానికీ నీతికీ భంగం లేకుండా, కాపరుల మీద గౌరవంతో చెప్పాలి. ఆ అభిప్రాయాన్ని తోటి విశ్వాసులకు కూడా తెలపవచ్చు. ఫాదర్‌గారితో ఎదురు మాట్లాడితే పాపమేమోనని భయపడే ముసలమ్మకు, మాట్లాడకపోతేనే బాధ్యత తప్పినట్టు కావచ్చునని చెబుతున్న సూత్రమిది.

చట్టం ఇచ్చినచోట ఇచ్చింది, బిగించినచోట బిగించింది. 536వ సూత్రం ప్రకారం విచారణ కౌన్సిలు ఉండాలా వద్దా అన్నది బిషప్ నిర్ణయం, ఉన్నా దానిది సలహా వోటే. 537వ సూత్రం మాత్రం వేరు. ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండి తీరాలి, అందులో విశ్వాసులు ఉండాలి. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలని 1287వ సూత్రంలో ఉంది, ఎలా చెప్పాలో స్థానిక నియమాలు నిర్ణయించాలి. అంటే ఏడాదికొకసారి పూజ అయ్యాక పండగ చందా ఎంత వచ్చింది, మైకుసెట్టుకు ఎంత పోయింది, మిగిలింది ఎక్కడుందని అడగడం ఫాదర్‌గారిని అవమానించడం కాదు. ఆయన చెప్పవలసిన మాటను గుర్తుచేయడం. పల్లెల్లో గురువుకూ జనానికీ మధ్య పుట్టే తగాదాల్లో ఎక్కువ భాగం డబ్బు పోయినందుకు కాక, లెక్క చెప్పనందుకే పుడతాయి. లెక్క బోర్డు మీద అంటించిన విచారణలో గుసగుసలకు చోటు తగ్గుతుంది. నిజాయితీగల గురువుకు ఇంతకన్నా రక్షణ లేదు.

ఫాదర్‌గారిని మార్చమని కొన్ని అర్జీలు, మార్చొద్దని మరికొన్ని వెళుతుంటాయి. విచారణ గురువుకు స్థిరత్వం ఉండాలని చట్టం చెబుతుంది. తొలగించాలంటే కారణాలేమిటో 1741వ సూత్రం పేర్కొంటుంది: శ్రీసభకు గొప్ప నష్టం తెచ్చే నడవడి, తీరని జబ్బు, మంచి విశ్వాసుల్లో గౌరవం పోవడం, హెచ్చరించినా బాధ్యతలను తీవ్రంగా నిర్లక్ష్యం చేయడం, ఆస్తుల చెడు నిర్వహణ వంటివి. కాబట్టి మార్చండి అని కోపంగా రాసిన రెండు పేజీల కన్నా, ఫలానా తేదీన ఫలానా సంగతి జరిగిందని రాసిన అర పేజీకి బలం ఎక్కువ.

జవాబు సంగతికి వస్తే, చట్టంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది 57వ సూత్రం. ఒక మనిషి నిర్ణయం కోరుతూ న్యాయబద్ధంగా అర్జీ పెడితే, చట్టం వేరే గడువు పెట్టనప్పుడు, అధికారి మూడు నెలల్లో నిర్ణయం ఇవ్వాలి. ఇవ్వకపోతే కాదన్నట్టే లెక్క. ఆ మౌనం మీద పైవారికి అప్పీలు చేసుకోవచ్చు. మౌనం వల్ల నష్టం కలిగితే అధికారి బాధ్యత కూడా తీరిపోదు. ఎంత ముందుచూపు! ఊళ్లో అర్జీ ఇచ్చి ఏళ్ల తరబడి ఎదురుచూసే మనుషులకు, తొంభై రోజులకే తమకొక జవాబు వచ్చినట్టని తెలియదు. బిషప్ ఇచ్చిన నిర్ణయం నచ్చకపోతే ముందు దాన్ని మార్చమని లేదా రద్దుచేయమని పది రోజుల్లోపు ఆయననే రాతపూర్వకంగా అడగాలి. అక్కడ న్యాయం జరగకపోతే పదిహేను రోజుల్లోపు పై అధికారికి వెళ్లాలి. బిషప్ విషయంలో అది రోము. వీరులపాడు మండలంలో పత్తి తీసే మనిషికి ఈ పది రోజుల గడువు ఎవరు చెబుతారు? న్యాయసలహా ఇచ్చే శ్రీసభ న్యాయవాదులు మేత్రాసన కేంద్రంలో ఉంటారు, సాధారణంగా వాళ్లు కూడా గురువులే. హక్కు రాసి ఉంది, దాన్ని అందుకునే మెట్లు కట్టలేదు.

మనకు ఇదే రాష్ట్రంలో ఇంకొక అలవాటు ఉంది. సోమవారం కలెక్టరేటులోనో మండల కార్యాలయంలోనో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, దాని మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు పట్టుకుని మళ్లీ అడగవచ్చు. పని జరిగిందా లేదా అన్నది వేరే సంగతి, అర్జీ ఇచ్చినట్టు ఆధారం చేతిలో ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం తరువాత గడువు అన్న మాట పల్లెల్లో అందరికీ తెలిసింది. అదే మనిషి బిషప్ హౌస్‌లో కాగితం ఇచ్చి వట్టి చేతులతో నందిగామ బస్సెక్కితే, ఆ తేడా అతనికి తెలియకుండా ఉంటుందా? ఒక రిజిస్టరు, ఒక నంబరు, ఒక రసీదు. ఇందుకు రోము అనుమతి అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు.

జవాబు లేకపోవడం ఎక్కడిదాకా పోతుందో ప్రపంచమంతా 2002లో చూసింది. బోస్టన్‌లో గురువుల చేతుల్లో పిల్లలు పడిన బాధలు పత్రికలో బయటికొచ్చాయి. తల్లిదండ్రులు ఎన్నో ఏళ్ల క్రితమే చెప్పారు, విన్నవాళ్లు దాచారు. అక్కడి వెల్లెస్లీ ఊళ్లో గృహస్థులు తమ గుడి కింది గదిలో కూడి విశ్వాసుల గళం అనే సంఘంగా ఏర్పడ్డారు. విశ్వాసాన్ని వదలకుండానే జవాబు అడిగారు. 2019 మే 7న పోప్ ఫ్రాన్సిస్ జారీచేసిన శాసనం, ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి జనానికి సులువుగా అందే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో శాశ్వతంగా ఉండాలని ఆదేశించింది. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్షసాధింపు కూడదనీ, నోరు మూసుకోమని వాళ్లను కట్టడి చేయకూడదనీ అందులో ఉంది. 2023లో దాన్ని శాశ్వత రూపంలో మళ్లీ వెలువరించారు. ఎవరికి చెప్పాలో ఆ పేరూ ఫోను నంబరూ ప్రతి ఉపకేంద్రం గుడి తలుపు మీద, తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మన పిల్లల విషయంలో ఇంతకన్నా ముందు చేయవలసిన పని లేదు.

చివరి ముక్క ఇంకా తయారవుతూనే ఉంది. 2021 అక్టోబరు 17న ప్రపంచంలోని మేత్రాసనాలన్నిటా సినడు అనే సంప్రదింపు మొదలైంది. ముందు జనం మాట వినండి, తరువాత బిషప్పులు కూర్చుంటారు అన్నది ఏర్పాటు. ప్రశ్నలు విచారణలకు వచ్చాయి, జవాబులు మేత్రాసనానికి, దేశానికి, ఆసియా ఖండానికి, రోముకు సాగాయి. 2023 అక్టోబరు సమావేశంలో మొట్టమొదటిసారి మహిళలకు ఓటు వచ్చింది. 2024 అక్టోబరు 26న ఆమోదించిన తుది పత్రం, మేత్రాసన, విచారణ కౌన్సిళ్లను తప్పనిసరి చేయాలని కోరింది. ఆర్థిక సంఘాలు నిజంగా పనిచేయాలని, ఏటా లెక్కలు వెల్లడించాలని, చేసిన సేవ గురించీ పిల్లల రక్షణ గురించీ కూడా ఏటా జనానికి చెప్పాలని అడిగింది. పోప్ ఫ్రాన్సిస్ దాన్ని వెంటనే అమలుకు విడుదల చేశారు. 2025 మే 8న ఎన్నికైన పోప్ లియో కాలంలోనూ ఆ పని సాగుతోంది, 2028 అక్టోబరులో రోములో జరిగే శ్రీసభ మహాసమావేశంలో ఏ ప్రాంతం ఎంత చేసిందో చూస్తారు.

ఆ లోపు మన వైపు ఒక విచారణ మొదలుపెట్టదలిస్తే చేయవలసింది తెలిసినదే. కౌన్సిలులో ప్రతి ఉపకేంద్రానికీ ఒక మనిషి, అందులో సగం మంది ఆడవాళ్లు. సమావేశంలో అనుకున్నది ఒక పుస్తకంలో రాసి, వచ్చే ఆదివారం పూజలో ప్రకటనలతో పాటు చదవడం. కౌన్సిలు చెప్పిన సలహాను ఫాదర్‌గారు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అదే పుస్తకంలో ఆయన చేతిరాతతో ఒక వాక్యం. వోటు సలహాదే అయినప్పుడు, కారణం చెప్పడం ఇంకా అవసరం. బిషప్‌గారికి రాసేవాళ్లు తేదీ వేసి, ఏం జరిగిందో, ఏం కావాలో విడివిడిగా రాసి, 212వ సూత్రం ప్రకారం తెలుపుతున్నామని ఒక మాట చేర్చి, నకలు దగ్గరుంచుకుని, నందిగామ పోస్టాఫీసులో రసీదు తీసుకుని పంపాలి. అది అక్కడ అందిన తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెట్టుకోవాలి.